కనకాంబరానికి ఒక దీపం

తరలింపుకు ఇంకా 104 రోజులు

ఈ పుస్తకం కమిటీ ఇచ్చింది. కుండీలో మొక్క ఉన్న ప్రతి మనిషీ దాని సంగతులు రాసి, కింది మట్టానికి వెళ్ళాక అప్పగించాలట. నీళ్ళెన్ని పట్టాయి, ఆకులెలా ఉన్నాయి, పురుగేమైనా కనబడిందా, ఇవన్నీ రాయాలి. తిట్లు రాయకూడదని ఎక్కడా చెప్పలేదు కాబట్టి అవీ రాస్తాను.

నా పేరు కొమురమ్మ. యాభై రెండేళ్ళు. పుట్టింది ఈ గని రెండో మట్టంలోనే, అంటే పైనుంచి రెండో అంతస్తులో. పైన ఎండకు మనుషులు నిలవలేక, బొగ్గు తవ్వి వదిలేసిన ఈ సొరంగాల్లోకి దిగినప్పుడు మా అమ్మ పాలడబ్బాలో ఒక కనకాంబరం కొమ్మ గుచ్చి తెచ్చింది. అందరూ బియ్యం, బట్టలు తెచ్చుకుంటే ఈవిడ వాసన కూడా లేని పూల మొక్క తెచ్చుకుందని నవ్వారట. ఏడాది తిరక్కుండానే ఆ నవ్వినవాళ్ళే పెళ్ళిళ్ళకు మూరెడు పూలిమ్మని వరసలో నిలబడ్డారు.

అప్పట్నుంచి మట్టం మొత్తానికి ఒకటే మొక్క. ముసలిదయినప్పుడల్లా కొమ్మ విరిచి అదే మట్టిలో గుచ్చుతాం. అది అంటుకున్నాక పాతది పీకేస్తాం. ఇప్పుడున్నది నా నడుము దాకా రాదు. ఆకు ఏ కాలంలోనూ రాలదు, ముదురాకుపచ్చ మీద నిగనిగలాడుతూ ఉంటుంది. రోజుకు పది గంటలు ఒక దీపం దానిది. ఆ పూల నారింజ లాంటి రంగు ఈ నల్ల గోడల మధ్య ఇంకొకటి లేదు.

ఈ రోజు కమిటీ చెప్పిన మాట ఇది. పై రాతి వేడి మా మట్టం దాకా దిగి వస్తోంది. నిజమే, మా పడకగది గోడకు చెయ్యి ఆనించలేకపోతున్నాం. నూట నాలుగు రోజుల్లో అందరం ఐదో మట్టానికి దిగాలి. మట్టి తేకూడదు. వేరు తేకూడదు. కొమ్మ తేకూడదు. గింజలు మాత్రం తేవచ్చు.

కొమ్మ దాచుకుపోతే ఎవరు చూస్తారని పక్కనున్న లసుమక్క నా చెవిలో గొణిగింది. నేను ఆ పని చెయ్యను. పదహారేళ్ళ కిందట మూడో మట్టం నుంచి ఎవరో దాచి తెచ్చిన ఒక్క నారుతో వేరుపురుగు వచ్చింది. టమాట, వంకాయ, మిరప అన్నీ పోయాయి. నా చెల్లెలి చిన్న బిడ్డ ఆ ఏడే పోయింది. కాబట్టి ఈ ఒక్క రూలును మాత్రం నేను తిట్టను.

తరలింపుకు 102 రోజులు

గింజల గదికి వెళ్ళాను. దాని పెద్ద రాజేశం. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, మాట మెత్తన, మనిషి మటుకు రాయి.

"గింజ తెస్తే మీ కనకాంబరానికి కింద ఒక దీపం రాస్తనక్కా. తొంభై రోజులు వెలుగు. మొలిస్తే అట్లనే ఉంచుతం. గింజ లేకుంటే ఆ దీపం తోటకూరకు పోతది."

"కనకాంబరానికి గింజలుంటయా రాజేశం?"

"నన్నడుగుతవేందక్కా? ముప్పై ఏండ్ల సంది దాన్ని సాదుతున్నది నువ్వు గదా."

సిగ్గుతో తల తీసేసినట్టయింది. ముప్పై ఏళ్ళ నుంచి దాని వేరుకు గుడ్డ ఒత్తితో నీళ్ళు పట్టిస్తున్నాను. ఆకు పసుపెక్కితే ఇనుము అందాలని మట్టిలో తుప్పు మేకులు పాతుతున్నాను. పిండినల్లి పడితే సబ్బు గుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తున్నాను. దాని గింజ ఎలా ఉంటుందో ఏనాడూ చూడలేదు. రోజు విడిచి రోజు పూలన్నీ లాగేస్తాం, ఎండిన కంకిని కొత్తది రావడానికి కత్తిరిస్తాం. ఇంక గింజ కట్టేదెప్పుడు?

తరలింపుకు 95 రోజులు

రెండు కంకులకు గుడ్డ కట్టాను. వాటి జోలికి ఎవరూ రావద్దని చెప్పాను. అంతే, పెద్ద గొడవ.

ఐదో మట్టంలో గదులు జంటలకే ఇస్తారు. అందుకని ఉన్నట్టుండి తొమ్మిది పెళ్ళిళ్ళు కుదిరాయి. తొమ్మిది జడలకూ పూలు కావాలి. లసుమక్క బిడ్డది మొదటి పెళ్ళి.

"నా బిడ్డ జడల పూలు పెట్టుకోవద్దా? నీ చెట్టేమన్న మా అందరి కంటె ఎక్కువనా?" అంది.

"మిగిలిన కంకులన్నీ నువ్వే తెంపుకపో లసుమక్కా. గీ రెండు ముట్టకు."

"గా రెండింట్లనే మంచి పూలున్నయి."

అది నిజమే. అందుకే కదా వాటిని ఎంచుకున్నది. ఆమె వెళుతూ వెళుతూ మా అమ్మ ఉండుంటే ఇలా చేసేది కాదంది. మా అమ్మ ఉండుంటే నిన్ను గడప కూడా ఎక్కనిచ్చేది కాదు అనాలనుకున్నాను. అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

తరలింపుకు 88 రోజులు

ఇక్కడ తేనెటీగల్లేవు. గాలి లేదు. దారం కొసను విప్పి కుచ్చు చేసి, ఒక పువ్వు పొడిని ఇంకో పువ్వు లోపలికి అంటించాను. గంట పట్టింది. నడుము పట్టేసింది.

చేస్తుండగా ఓదెలు పెద్దబాపు, మా అందరికీ పెద్దనాన్న వరస, వచ్చి పక్కన కూర్చున్నాడు. పైన పుట్టినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. డెబ్బై రెండేళ్ళు. పద్నాలుగేళ్ళ వయసులో కిందికి దిగాడు. వాన చూశానంటాడు.

ఆయన వాన కథలు మా మట్టంలో అందరికీ నోటికి వచ్చు. ఆకాశం నుంచి నీళ్ళు పడేవట. ఎవరూ గిన్నెలు పట్టేవాళ్ళు కాదట. ఊరికే పోనిచ్చేవారట. నీళ్ళకు భయపడి మనుషులు ఇళ్ళలోకి పరిగెత్తేవారట. నమ్మమంటాడు.

"కంకులు ఆపినవా? మంచి పని చేసినవు బిడ్డా," అన్నాడు. "మా ఇంటెనుక వరసగ గివే చెట్లుండె. వాన పడ్డదంటే టపటప పేలేటివి. మా అవ్వ ఆరేసిన చీరెకు గింజలు అతుక్కునేటివి. నాకొకపారి కంట్ల కొట్టింది."

"చెట్టు నీ కంట్ల కొట్టిందా పెద్దబాపు?"

"చెట్టు గాదే, గింజ."

సరేలెమ్మన్నాను. మొన్న కప్పలు పాటలు పాడేవన్నాడు. ఈ రోజు పూలచెట్లు తుపాకులు పేలుస్తున్నాయి.

తరలింపుకు 71 రోజులు

కాయలు కట్టాయి! పూలు వాడి రాలిపోయిన చోట, ఆకుపచ్చ రెక్కల సందులో, కోలగా చిన్న చిన్న కాయలు. రెండు కంకులకూ కలిపి పద్నాలుగు. మూడుసార్లు లెక్కపెట్టాను. ఏడుపొచ్చింది. ఎవరూ చూడలేదు కాబట్టి ఏడ్చాను.

మా అమ్మ దీన్ని ముప్పై ఏళ్ళు పెంచింది. కాయ చూడకుండానే పోయింది.

తరలింపుకు 60 రోజులు

ఆగలేక ఒక కాయను గోటితో చీల్చాను. లోపల తెల్లటి నీరు, పాలగింజలంత మెత్తటివి నాలుగు. పచ్చివి. నా తొందరకు ఒక కాయ పోయింది. ఇక పదమూడు.

రాజేశం గోడ మీద రాసిపెట్టిన మాట గుర్తొచ్చింది: తనంతట తాను రాలిన గింజే గింజ. చేత్తో ఒలిచినది చెల్లదు. ఇది మా మట్టం ఆచారం. మా చిన్నప్పుడు ఎవరో తొందరపడి గోంగూర కాయలు పచ్చివే ఒలిచి గింజల గదిలో పోశారు. మరుసటేడు ఒక్కటీ మొలవలేదు. అప్పట్నుంచి ఏ కాయా ఒలవం. ముదిరితే అదే విచ్చుకుంటుంది, గింజ అదే రాలుతుంది, కింద గుడ్డ పరిచి ఎదురుచూస్తాం.

తరలింపుకు 33 రోజులు

కాయలు గోధుమరంగుకు తిరిగాయి. కంకులు గలగలమంటున్నాయి. కత్తిరించి సున్నపు డబ్బాలో వేలాడదీశాను. అడుగున పొడి సున్నపు గడ్డలు, పైన గుడ్డ. తడి అనేది ఎక్కడున్నా సున్నం లాగేస్తుంది. మా మట్టంలో గింజకు తడి కంటే పెద్ద శత్రువు లేదు. చేతులు బూడిదతో తోముకుని, ఆరాకే డబ్బా తెరుస్తాం. తడి చేత్తో గింజ ముట్టినందుకు మా అమ్మ నన్ను చిన్నప్పుడు గరిటెతో కొట్టింది.

మిగిలిన కంకుల్లో పూలన్నీ ఆడవాళ్ళు తెంపుకుపోయారు. ఐదో పెళ్ళి అయింది. పోనీ. నా పదమూడు నాకున్నాయి.

తరలింపుకు 21 రోజులు

ఒక్క కాయా విచ్చుకోలేదు. సున్నం మార్చాను, ఇంకా ఎండాలి కాబోలు.

తరలింపుకు 17 రోజులు

ఈ రోజు జరిగినది రాయాలని లేదు. రాస్తాను.

నీళ్ళ వంతుకు వెళ్ళి వచ్చేసరికి నా గదిలో ఓదెలు పెద్దబాపు ఉన్నాడు. సున్నపు డబ్బా మూత తీసి ఉంది. కంకులు రెండూ ఆయన ఎడమచేతిలో. కుడిచేతిలో ఆయన తాగే నీళ్ళ గ్లాసు. వాటి మీద వంచబోతున్నాడు.

అరిచాను. ఏమని అరిచానో తెలియదు.

"జెర తడుపుతనే బిడ్డా. తడిస్తేనే..." అంటున్నాడు.

నేను తోశాను. పెద్దగా తోయలేదనుకున్నాను. ఆయన గోడకు తగిలి పక్కకు పడ్డాడు. గ్లాసు పగిలింది, కంకులు నా చేతిలోకి వచ్చాయి. వాటి మీద ఒక్క చుక్క కూడా పడలేదు. మొదట చూసుకున్నది అదే. తర్వాతే ఆయన కుడిచెయ్యి చూశాను. మణికట్టు దగ్గర ఎముక పక్కకు తిరిగి ఉంది.

కట్టు కట్టే మనిషి వచ్చి చెక్క బద్దలు పెట్టి కట్టింది. ఓదెలు పెద్దబాపు నా మీద ఫిర్యాదు చెయ్యలేదు. "కాలు జారిన" అన్నాడు. నేను ఆయనకు దండం పెట్టలేదు, క్షమించమనలేదు. మతి చెడిన ముసలాడు నా పదమూడు కాయలనూ కుళ్ళబెట్టేవాడన్న కోపం ఇంకా తగ్గలేదు. డబ్బాకు గొళ్ళెం పెట్టించాను.

తరలింపుకు 9 రోజులు

విచ్చుకోలేదు. ఒక కాయను గోటితో పగలగొట్టాను. రాయిలా ఉంది, గోరు విరిగింది. లోపల గింజ లేదు. పలుచటి చదును రేకులు నాలుగు, చేప పొలుసుల్లా, అంచులంతా పీచు. తాలు. పొట్టు. మా తోటకూర గింజ నల్లగా మెరుస్తుంది, గోంగూర గింజ గట్టిగా చేతికి తగులుతుంది. ఇవి ఊదితే ఎగిరిపోయాయి. నిజంగానే ఊదేశాను.

అయినా పన్నెండు కాయల్లో ఒక్కటైనా తనంతట తాను తెరుచుకుంటుందేమోనని గుడ్డ పరిచి దాని ముందే కూర్చుంటున్నాను.

తరలింపుకు 4 రోజులు

గింజల గది ఈ రోజుతో మూసేశారు. డబ్బా అట్లాగే పట్టుకెళ్ళాను.

రాజేశం కంకిని దులిపాడు. ఏమీ రాలలేదు. చెవి దగ్గర ఆడించాడు.

"రాలుతలేవక్కా."

"నాలుగు రోజులు ఆగు రాజేశం. లేకుంటే కాయలతోటే తీసుకో."

"కాయల్ల పురుగుంటదక్కా, కిందికి పోనియ్యరు. ఒలిస్తె చెల్లదు. నీకు తెల్వంది గాదు. గివి తాలు కాయలే. దీపం తోటకూరకు రాస్తున్న."

రాశాడు. నా ముందే రాశాడు. ఆయన రాత చాలా అందంగా ఉంటుంది.

తరలింపుకు 3 రోజులు

పనికిరాని ఆకూ కొమ్మా ఏదైనా ఉడుకుతొట్టిలో పడెయ్యాలి. పురుగు చావాలని ఎప్పుడూ నీళ్ళు మరిగిస్తూ ఉంటారు. పొద్దున్నే పన్నెండు కాయలున్న ఆ రెండు కంకులనూ గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను. వేరేవాళ్ళ చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. నేనే గుడ్డ విప్పి తొట్టిలోకి దులిపాను. మూత వేశాను. వెనక్కి తిరిగాను.

నాలుగడుగులు వేసి ఉంటాను. టప్ అంది.

పగిలిన బుడగేమో అనుకున్నాను. మళ్ళీ టప్. మళ్ళీ. మూతకు లోపలి నుంచి ఎవరో చిన్న రాళ్ళు విసురుతున్నట్టు, టపటపా, ఒకదాని వెంట ఒకటి.

పరిగెత్తి మూత లాగాను. కాయలు నీళ్ళ మీద తేలుతూ ఒక్కొక్కటే రెండుగా చీలి ఎగురుతున్నాయి. నా కళ్ళ ముందే ఆఖరిది పేలింది. నాలుగు గింజలు చెంగున లేచి మళ్ళీ మరిగే నీళ్ళలోనే పడ్డాయి. అవి పొలుసులు కావు. తడి తగిలేసరికి అంచుల పీచంతా విప్పారి, జిగురుగా, బొద్దుగా, చక్కటి గింజలయ్యాయి.

చెయ్యి పెట్టాను. మోచేతి దాకా పెట్టాను. తొట్టి దగ్గర పనిచేసే మనిషి నన్ను వెనక్కి లాగేలోపు దొరికినన్ని దేవాను.

ముప్పై ఒకటి. మూతకు అంటుకున్నవైనా బతికి ఉంటాయేమోనని చూశాను. మూత కూడా ఆవిరికి సలసలా కాలుతోంది.

వాన పడితే పేలేవి. ఆయన ఎన్నిసార్లు చెప్పాడు? ఈ పుస్తకంలోనే ఒకసారి రాసి ఉన్నాను, పైగా నవ్వుతూ రాశాను. మేము ఆ కాయలను సున్నంలో పెట్టి కాపాడాం. ఎంత కాపాడితే అంత గట్టిగా మూసుకున్నాయి. నీళ్ళు పైనుంచి పోసే ఊళ్ళో పుట్టిన మొక్క అది. వేరుకు ఒత్తి పెట్టి చుక్కలు పట్టించే మాకేం తెలుస్తుంది? తెలిసిన ఒక్కడి చెయ్యి నేను విరగ్గొట్టాను.

తరలింపుకు 2 రోజులు

చేతికి మందు రాసి గుడ్డ కట్టారు. గింజలను ఆరబెట్టి రాజేశం దగ్గరకు వెళ్ళాను. ఎందుకెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చూపించాలనిపించింది. గింజలున్నాయి, చూడు, అనాలనిపించింది.

రాజేశం గాజుముక్క పెట్టి ఒక్కొక్కటీ చూశాడు. "ఒలిచినవా?"

"లేదు. వాటంతట అవే పేలినయి."

ఆయన చూపు నా చేతికట్టు మీద పడింది. చాలాసేపు అక్కడే ఉంది. తొట్టి దగ్గర జరిగిన సంగతి అప్పటికే మట్టమంతటికీ తెలుసు. ఆయనకు తెలియకుండా ఉంటుందా?

"తమంతట తాము రాలిన గింజలు," అని పైకి చదువుకుంటూ రాశాడు. "కనకాంబరం. ముప్పై ఒకటి. చెల్లుతయి." తోటకూర పేరు కొట్టేసి దీపం మా పేర రాశాడు. పొట్లం కట్టి ముద్ర వేశాడు.

బతికున్న పచ్చి కొమ్మ చెల్లదు, ఉడికిన గింజ చెల్లుతుంది. జాలిపడి రాశాడో, రూలు ప్రకారం రాశాడో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు. వద్దని చెప్పే ధైర్యం అంతకన్నా లేదు.

తరలింపు రోజు

చివరి పూలు తెంపి అందరికీ పంచాను. లసుమక్కకు అందరికంటే పెద్ద దండ ఇచ్చాను. ద్వారం దగ్గర జడల్లో పూలు కూడా తీయించి బుట్టలో వేయించారు. దీపం ఆర్పేముందు మొక్కను ఒకసారి చూశాను. ఆకులు నిగనిగలాడుతున్నాయి. దానికి ఏ జబ్బూ లేదు.

మెట్లు దిగుతుంటే ఓదెలు పెద్దబాపు నా ముందున్నాడు. విరిగిన చెయ్యి మెడకు వేలాడేసుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతున్నాడు. వెనక్కి తిరిగి అడిగాడు.

"కొమురమ్మా, కాయలు పేలినయా?"

"పేలినయి పెద్దబాపు."

"ఎన్ని?"

"అన్నీ."

"నేను చెప్పలే?" అని నవ్వాడు. పళ్ళు లేని నోటితో నవ్వుతూనే ఉన్నాడు. ఐదో మట్టం వచ్చేదాకా పక్కవాళ్ళకూ ముందువాళ్ళకూ చెబుతూనే ఉన్నాడు, కనకాంబరం కాయలు పేలినయంట, నేను చెప్పిన ఎవలు నమ్మలే, అని. జనం నా వంక చూసి తలలు దించుకున్నారు. ఒక్కరూ ఆయనకు మిగతా సంగతి చెప్పలేదు. ఆ ఒక్క మంచితనానికి వాళ్ళను నేను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

ఐదో మట్టం, 26వ రోజు

కమిటీవారికి పుస్తకం రేపు అప్పగించాలి. కాబట్టి ఇది మీకే రాస్తున్నాను.

ఆ గింజలు ఉడికినవి. మొలవవు. నేను అబద్ధం ఆడలేదు గానీ నిజం కూడా చెప్పలేదు. ఆ దీపం కింద ఉన్నది ఉత్త మట్టి. తోటకూర పెట్టుకుంటే ఇరవై మందికి కూర అవుతుంది. ఆ సంగతి నాకు రోజూ గుర్తొస్తూనే ఉంటుంది. రాజేశాన్ని ఏమీ అనకండి, గింజలు తెచ్చింది నేను. శిక్ష ఏదైనా నాకే వెయ్యండి.

ఒక్క మనవి. ఓదెలు పెద్దబాపు రోజూ పొద్దున వస్తాడు. తన తాగే నీళ్ళలో సగం మిగిల్చి తెస్తాడు. ఒత్తి పెట్టనివ్వడు. ఎడమచేత్తో గ్లాసు వంచి, కట్టు బయటికున్న కుడిచేతి వేళ్ళ సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా మట్టి మీద పడనిస్తాడు. వాన ఇట్లుంటదే బిడ్డా అంటాడు. నన్ను కూడా చెయ్యి పెట్టమంటాడు, పెడతాను. కాలిన చర్మానికి చల్లగా ఉంటుంది. తర్వాత వంగి మట్టిని చూసి, "రేపు లేస్తయి," అంటాడు.

దగ్గు ఎక్కువైంది ఆయనకు. కట్టు కట్టే మనిషి నెల దాటదని చెప్పింది.

దీపం తీసుకుపోండి. అప్పటిదాకా ఆగి తీసుకుపోండి.